న్యూరాన్ల వెలుగు చూడాలంటే ఫిజిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సూక్ష్మజీవుల ప్రొటీన్లతో న్యూరాన్ల (మెదడు కణాల) పనిని కాంతి రూపంలో చూడొచ్చని ఒక లెక్చర్‌లో విన్నాను. అప్పటి నుంచి ధ్యాసంతా అటే ఉంది. పీజీకి బయాలజీలోకి మారాలా? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: మారొద్దు. ఎందుకో ఆ ప్రొటీనే చెబుతుంది.

మృత సముద్రంలో దొరికిన ఒక సూక్ష్మజీవిలో ఆర్కియోరొడాప్సిన్-3 ఉంటుంది. ల్యాబుల్లో దాన్ని 'ఆర్క్' అంటారు. వెలుతురు పడితే ప్రోటాన్లను కణం బయటికి తోడేయడం దాని పని. కణం పొర మీద వోల్టేజి మారితే దాని ఫ్లోరెసెన్స్ (ఒక రంగు కాంతి పడితే మరో రంగులో తిరిగి వెలగడం) కూడా మారుతుంది. హార్వర్డ్‌లో ఆడమ్ కోహెన్ బృందం 2011లో ఇలాంటి ప్రొటీన్‌తో బ్యాక్టీరియాలో, ఆ వెంటనే ఆర్క్‌తో న్యూరాన్లలో ఈ సంగతి చూపించింది. అన్నట్టు కోహెన్ చదివింది ఫిజిక్సే.

చిక్కేమిటంటే ఆ వెలుగు మరీ మసక. ల్యాబుల్లో వాడే ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జీఎఫ్‌పీ. దానిలో బాగా వెలిగే రకాలు వంద ఫోటాన్లు తీసుకుంటే అరవై దాకా తిరిగిస్తాయి. ఆర్క్ ఒక్కటి కూడా ఇవ్వదు. న్యూరాన్ స్పైక్, అంటే దాని వోల్టేజి ఒక్కసారి ఎగసి పడటం, మిల్లీసెకండులో అయిపోతుంది కాబట్టి కెమెరా సెకనుకు వెయ్యి ఫ్రేముల దాకా తీయాలి. ఒక్కో ఫ్రేములో పడే ఫోటాన్లు ఎన్నని! అందుకే బలమైన ఎర్ర లేజర్, మంచి ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ లెన్స్), నాయిస్ లెక్కలు కావాలి. ఇదంతా మీ సబ్జెక్టే.

బయాలజీ అక్కర్లేదని కాదు. ఆర్క్ ప్రోటాన్లు తోడుతుంటే మనం చూడాలనుకున్న న్యూరాన్ మూగబోతుంది. 95వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే తోడటం ఆగింది. కానీ ప్రొటీన్ నెమ్మదించి స్పైకులను సరిగ్గా అందుకోలేకపోయింది. పంపింగ్ లేకుండా వేగంగా స్పందించే, క్వాసార్ అనే ఆర్క్ రకాలు 2014లో గానీ రాలేదు. వాటి కోసం మ్యుటేషన్లు కలిగించి, మెరుగైనవాటిని ఏరుతూ పోయారు. ఇలాంటి పనిలో చెయ్యి పెట్టాలంటే జన్యువుల క్లోనింగ్, సెల్ కల్చర్ (ల్యాబులో కణాలు పెంచడం) రావాలి. వాటిని ల్యాబులో ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఆప్టిక్స్ మీద పట్టు అంత తొందరగా రాదు.

కాబట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్ గానీ బయోఫిజిక్స్ గానీ తీసుకోండి. ఎంబీబీఎస్ అవసరం లేదు. పైథాన్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇంట్లోవాళ్ల భయంలోనూ నిజముంది. ఈ దారిలో పీహెచ్‌డీ దాదాపు తప్పదు, సంపాదన ఆలస్యమవుతుంది. అది దాచకుండా చెప్పండి. మధ్యలో మనసు మారినా మైక్రోస్కోపులు, మెడికల్ ఇమేజింగ్ పరికరాలు తయారుచేసే చోట ఈ నైపుణ్యాలే అడుగుతారు.

సెలవుల్లో ఏదైనా మైక్రోస్కోపీ ల్యాబులో ఇంటర్న్‌షిప్ అడగండి. చీకటి గదిలో రోజంతా లేజర్ సరిచేస్తూ కూర్చోవడం మీకు నచ్చుతుందో లేదో అక్కడ వారంలో తెలిసిపోతుంది.