రాజమండ్రి నుంచి హైదరాబాద్ మారుతున్నాం, నలుగురికి నెల సరుకులకు పదివేలు సరిపోతాయా?

సరిపోవండి. మేమూ కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లి వైపు ఉంటున్నవాళ్లమే. ఇద్దరు స్కూలు పిల్లలతో మేమూ మీలాగే నలుగురం. సరుకులు, పాలు, కూరగాయలు, గుడ్లు, ఆదివారం చికెన్, సబ్బులు అన్నీ కలిపి మాకు 15 వేలకు అటూ ఇటూ అవుతోంది. అలాగని మా అంకె చూసి మీ అంకె వేసుకోకండి. బయల్దేరే ముందే మీ ఇంట్లో నెలకు ఏది ఎంత అవుతోందో కిలోల్లో రాసుకోండి, రూపాయల్లో కాదు. కందిపప్పు మూడు కిలోలు, మినప్పప్పు రెండున్నర, నూనె నాలుగు లీటర్లు, ఇలా. ఇక్కడికొచ్చాక ధర వేసుకుంటే లెక్క పది నిమిషాల్లో తేలిపోతుంది.

నిజానికి పప్పు, నూనె, పంచదార ధరల్లో రాజమండ్రికీ హైదరాబాద్‌కీ పెద్ద తేడా ఉండదు. అక్కడ డబ్బులు పెట్టకుండా వచ్చేవే ఇక్కడ బడ్జెట్‌ని తలకిందులు చేస్తాయి. పెరట్లో కరివేపాకు, పక్కింటివాళ్లిచ్చే మునక్కాయలు, ఊరి నుంచి బియ్యం బస్తా, అమ్మ పెట్టి పంపే ఆవకాయ. కోనసీమలో చుట్టాలున్నవాళ్లకైతే కొబ్బరికాయ కొనుక్కోవడమే వింత! ఇలాంటివన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన ధర వేసి చూడండి. మీ పదివేలు ఎందుకు చాలవో అక్కడే తెలుస్తుంది. ఆవకాయ, కారం, చింతపండు మాత్రం ఏడాదికి సరిపడా అక్కడి నుంచే తెచ్చుకోండి. మేం ఇప్పటికీ అంతే.

చాలామంది లెక్కలో వేసుకోనిది నీళ్లు. మీరు దిగే అపార్ట్‌మెంట్‌లో మంజీరా గానీ కృష్ణా గానీ వస్తుందా, ఒట్టి బోరేనా అని అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి. కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. కుక్కర్ ఎన్ని కూతలు వేసినా పలుకులు పలుకులుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. అప్పుడు వంటకు కూడా 20 లీటర్ల క్యాన్లే దిక్కు. ఆ ఖర్చూ సరుకుల్లోనే వేసుకోండి.

బియ్యం 26 కిలోల బస్తా తీసుకోండి. 25 ఉండాల్సింది 26 ఏమిటని మీకూ అనిపిస్తుంది. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మిల్లర్లు ఒక కిలో పెంచి 26 చేసేశారు. సోనా మసూరి అడిగితే పాతవా కొత్తవా అని తప్పకుండా అడగండి. పాతవి ధర ఎక్కువైనా అన్నం ఒదుగుతుంది. నూనె ప్యాకెట్లతో జాగ్రత్త. లీటరంటే సుమారు 910 గ్రాములుండాలి. చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి 850 గ్రాములే ఉండేవీ వస్తున్నాయి. ధర తక్కువని మురిసిపోకుండా వెనక బరువు చూడండి.

కూరగాయలకు నెల బడ్జెట్ పెట్టుకోవద్దు, వారానికి పెట్టుకోండి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు నెల లెక్క వేసుకున్నవాళ్లందరికీ టెన్షనే. వారం లెక్కైతే ఆ వారం చింతపండు పులుసుతో, దోసకాయ పప్పుతో లాగించేయొచ్చు. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడతారు. పొద్దున్నే వెళ్తే సరుకు బాగుంటుంది, ఆలస్యమైతే ఏరుకోగా మిగిలినవే. రైతుబజారు దూరమైతే మీ కాలనీ దగ్గర వారానికోసారి పెట్టే అంగడి ఏ రోజో వాచ్‌మన్‌ని అడగండి. దుకాణాలవాళ్ల కంటే ఆయనకే బాగా తెలుస్తుంది.

ఇక పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తాం, డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి చిప్సూ ఐస్‌క్రీమూ కలిపి మూడొందలు చేస్తాం. మా ఇంట్లో దీనికి విడిగా నెలకు వెయ్యి రూపాయలు పెట్టుకున్నాం, అది అయిపోతే ఎవరో ఒకరు మెట్లు దిగి కిందున్న కిరాణాకి వెళ్లాల్సిందే. పిల్లలే వెళ్తున్నారు, చిల్లర వాళ్లదేనన్న ఒప్పందం మీద.

మీకు రేషన్ కార్డుంటే సరెండర్ చేసి రావద్దు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డైతే ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఆంధ్రా, తెలంగాణ మధ్య 2019 ఆగస్టు నుంచే ఈ వీలుంది.

మొదటి నెల మాత్రం ఎంత లెక్క వేసుకున్నా నాలుగైదు వేలు ఎక్కువే అవుతుంది. పోపుల డబ్బా మొత్తం నింపుకోవాలి, డబ్బాలు, చీపుర్లు, బకెట్లు కొనాలి. ఆ డబ్బు సామాను లారీ ఖర్చుతో కలిపి పక్కన పెట్టుకోండి, సరుకుల ఖాతాలో రాయకండి. రెండో నెల లెక్క చూసుకుని అప్పుడు మీ అంకె ఖాయం చేసుకోండి.