కాన్పు నాటి ఫైలు వెంట తీసుకెళ్ళండి

మీ ఉత్తరం చదివాను. మీ వయసు 28, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన బీపీ కాన్పయ్యాక తగ్గిపోయింది. 'ఈ వయసులో ఆడపిల్లకు గుండె జబ్బేమిటి' అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేస్తున్నారని రాశారు. మా ఇంట్లోనూ అదే మాట విన్నాను.

నాకు ఏడో నెలలో షుగరు, తొమ్మిదో నెలలో బీపీ వచ్చాయి. పాప పుట్టాక రెండూ సర్దుకున్నాయి. పుట్టింట్లో నెయ్యి, సున్నుండలు, మూడు నెలల విశ్రాంతి. పెరిగిన బరువు చూసి, 'బాలింత ఒళ్ళు, అదే తీస్తుంది' అన్నారు. తీయలేదు. కాన్పయిన 6 నుంచి 12 వారాల లోపు గ్లూకోజ్ తాగించి మళ్ళీ షుగరు పరీక్ష చేయాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నెలనెలా నన్ను పరీక్షించిన ఆసుపత్రివాళ్ళు, బిడ్డ చేతికి రాగానే నా ఒంటి గురించి అడగడమే మానేశారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అందుకే.

31వ ఏట రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం మొదలైంది. గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగాను. చివరికి వెళితే బీపీ 146/94, మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం. రెండూ ఉండాల్సినదానికన్నా ఎక్కువే. అదృష్టం, గుండె బాగానే ఉంది. ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, 'గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగరు వచ్చాయా?' అని. గర్భంతో ఉన్నప్పుడు బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ కూడా పోయినవారికి తరువాతి కాలంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపని ఆవిడే చెప్పారు. ముట్లు ఆగేవరకు ఆడవారికి గుండె జబ్బు రాదన్న ధీమా కూడా షుగరు జబ్బు ఉన్నవారి విషయంలో చాలావరకు చెల్లదట.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 29 దాటింది. మన దేశంలో 25 నుంచే ఊబకాయంగా లెక్కిస్తారు. అంతకన్నా ముఖ్యం నడుము కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు పెట్టి చూడండి, 80 సెంటీమీటర్లు దాటకూడదు. నాది 96 ఉండేది. పొట్ట లోపల పేరుకున్న కొవ్వే షుగరునూ బీపీనీ ఎగదోస్తుంది.

రాత్రి అన్నం తగ్గించాను, రోజూ ముప్పావుగంట నడిచాను, బీపీ మాత్ర వేసుకున్నాను. ఏడాదిన్నరలో తొమ్మిది కిలోలు తగ్గాను.

దవడ, వెన్ను, ఛాతీలో నొప్పి గానీ, చెమటలతో వికారం గానీ వస్తే గ్యాస్ మాత్రతో ఆగకండి, వెంటనే వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. అవేవీ లేకపోయినా ఈ నెలలోనే బీపీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోండి. కాన్పు నాటి ఫైలు మీ అమ్మగారింట్లో ఉండిపోయి ఉంటే ముందు అది తెప్పించుకుని డాక్టరు దగ్గరకు వెంట తీసుకెళ్ళండి.