విరిగిన ఎముక అతకదని దూడకు యాంటీబయాటిక్ మానిపించాలా?

ప్రశ్న: మా గేదెకు పుట్టిన పెయ్యదూడ వయసు ఇరవై ఐదు రోజులు, బరువు సుమారు 40 కిలోలు. ఆరు రోజుల కిందట తల్లి తొక్కడంతో దూడ కుడి ముందుకాలు మోకాలి కింద విరిగి, చర్మం కూడా చీలింది. ఊళ్లోనే వెదురు బద్దలతో కట్టు కట్టించాము. మూడో రోజు నుంచి కట్టు కింద రసి కారుతోంది. ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు చేయించాము. జెంటామైసిన్ సీసా తెచ్చి కట్టు సందులోంచి పుండు మీద పోస్తున్నాము. ఈ మందులు ఎముకను కట్టే మూలకణాలను చంపేస్తాయని, ఎముక అతకదని తెలిసినవారొకరు చెప్పారు. మందులు ఆపేయమంటారా? మూలకణాల ఇంజెక్షన్ వల్ల ఉపయోగం ఉంటుందా? – ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: యాంటీబయాటిక్ మానిపించవద్దు. అలాగని ఇప్పుడు వాడుతున్న తీరులోనే కొనసాగించనూవద్దు. మీకు చెప్పినవారి మాటలో కొంత నిజం ఉంది. అయితే మీ దూడ విషయంలో ఆ మాట ఎక్కువగా వర్తించేది సూదిమందుకు కాదు, పుండులో పోస్తున్న సీసాకు.

ఎముక విరిగిన చోట మొదట నెత్తురు గడ్డకడుతుంది. ఎముకను అంటిపెట్టుకొని ఉండే పలుచని పొరలోనూ లోపలి మూలుగలోనూ ఉన్న మూలకణాలు అక్కడికి చేరి, తమ సంఖ్యను పెంచుకొని, కొన్ని మృదులాస్థి కణాలుగాను, కొన్ని ఎముకను కట్టే కణాలుగాను మారతాయి. ఇవి ముందుగా కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో మెత్తని అల్లిక వేస్తాయి. కాల్షియం, భాస్వరం లవణాలు దానిలో పేరుకున్నాక అది గట్టి ఎముక అవుతుంది. యాంటీబయాటిక్ అడ్డుపడితే ఈ దశల్లో ఏదో ఒకచోట అడ్డుపడాలి. అది ఏ మందు అన్నదానికంటే, ఎంత గాఢతలో ఆ కణాలను తాకింది అన్నదే చాలాసార్లు ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

జెంటామైసిన్ సంగతి చూడండి. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల మందు, అంటే 40,000 మైక్రోగ్రాములు ఉంటుంది. సరైన మోతాదులో కండకు ఇచ్చినప్పుడు నెత్తురులో ఒక మిల్లీలీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములకు మించి చేరదు. ప్రయోగశాలలో ఎముక కణాలను పెంచి చూసినప్పుడు, గాఢత 100 మైక్రోగ్రాములు దాటేసరికే ఎముక గట్టిపడడానికి అవసరమైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము తగ్గుముఖం పట్టింది. మీరు సీసాలోని మందును నేరుగా పోసినప్పుడు, విరిగిన చోటికి వచ్చి చేరుతున్న మూలకణాల మీద అంతకు నాలుగు వందల రెట్ల గాఢత పడుతోంది. పైగా కట్టు సందులోంచి పోసిన మందు చీము అడుగుకు చేరదు, కట్టును మాత్రం తడిపి చర్మాన్ని నానబెడుతుంది. మనుషుల శస్త్రచికిత్సలో ఎముక సిమెంటుతో చేసిన పూసల్లో జెంటామైసిన్‌ను నింపి ఎముక దగ్గర పెట్టే పద్ధతి ఉన్న మాట నిజమే. అది కొలిచి పెట్టేది, మెల్లగా విడుదలయ్యేది, చెడిన కణజాలాన్ని తొలగించాక చేసేది. సీసా వంచడం దానికి సాటి రాదు.

ఆక్సీటెట్రాసైక్లిన్ దారి వేరు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు కాల్షియంతో అతుక్కునే గుణం ఉంది కాబట్టి, కొత్తగా ఏర్పడుతున్న ఎముకలోకి, పళ్లలోకి అవి చేరి అక్కడే ఉండిపోతాయి. అలా చేరిన చోటు అతినీలలోహిత కాంతిలో పసుపుగా మెరుస్తుందని 1957లోనే గమనించారు; ఎముక రోజుకు ఎంత పెరుగుతున్నదో కొలవడానికి పరిశోధకులు నేటికీ ఈ గుణాన్నే వాడుకుంటారు. నెలలు నిండని శిశువులకు ఈ మందు ఇచ్చినప్పుడు కాలి ఎముక పెరుగుదల మందగించిందని, మందు మానిన తరువాత మళ్లీ పుంజుకుందని వైద్య గ్రంథాల్లో ఉంది. ఇదే జాతి మందులు తక్కువ మోతాదులో ఎముకను కరిగించే ఎంజైములను అణచిపెడతాయి కూడా. అందువల్ల నాలుగు ఇంజెక్షన్లతో మీ దూడ ఎముక అతకకుండా పోతుందని భయపడనక్కరలేదు. తప్పు లెక్కలో జరిగింది. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములున్న ఈ రకం మందు కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, అంటే మీ దూడకు 4 మిల్లీలీటర్లు ఒకసారి ఇస్తే మూడు రోజులు పనిచేస్తుంది. దాన్ని రోజూ పొడిస్తే మందు ఒకదాని మీద ఒకటి పేరుకొని, ఎముక కంటే ముందు మూత్రపిండాలకు బరువవుతుంది. రేపటి నుంచి ఐదో ఇంజెక్షన్ వేయించకండి.

దీని బదులు ఎన్రోఫ్లాక్సాసిన్ వేయించమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ కుటుంబానికే చెందిన సిప్రోఫ్లాక్సాసిన్ ఎలుకల్లో విరిగిన ఎముక అతకడాన్ని ఆలస్యం చేసింది. కుక్కపిల్లల్లో, గుర్రపు పిల్లల్లో ఈ మందులు కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తాయి. దూడలు అంత సున్నితం కాకపోయినా, చీము పరీక్షలో వేరే దారి లేదని తేలితే తప్ప, విరిగిన ఎముకకు దీన్ని మొదటి మందుగా నేను ఎంచుకోను. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు మామూలు మోతాదులో నెత్తురు ద్వారా చేరినప్పుడు ఎముక కణాలకు పెద్దగా హాని చేయవు. ఏది, ఎన్నాళ్లు అన్నది దూడను చూసిన పశువైద్యుడే నిర్ణయించాలి.

చీమును అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు ఎముకను కట్టే కణాల్లోకే చొరబడి వాటిని చంపుతాయి, ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. నెత్తురు అందని ఎముక ముక్క చీములో తేలుతుంటే ఎన్ని మూలకణాలున్నా పట్టు దొరకదు. ఇన్నేళ్లలో అతకని కాళ్లు నేను చూసినవాటిలో మందు చెరిపినవి తక్కువ. కట్టు కదిలినవి, చీము పట్టినవి ఎక్కువ.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. వాపు త్వరగా తగ్గుతుందని యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ కలిపి పొడిచే అలవాటు పల్లెల్లో ఉంది. ఈ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే మూలుగలోని మూలకణాలు ఎముక వైపు కాకుండా కొవ్వు కణాల వైపు మళ్లుతాయి, చీము పట్టిన చోట శరీర నిరోధకత కూడా తగ్గుతుంది. మీ దూడకు అది పడిందేమో కనుక్కోండి.

వెదురు కట్టును ఈ రోజే విప్పించాలి. పుండును సెలైన్‌తో ధారగా కడిగి, చచ్చిన కండను తీయించి, చీము నమూనాను పరీక్షకు పంపి, విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా పిండికట్టు వేయించి, పుండు ఉన్న చోట శుభ్రం చేయడానికి కిటికీ వంటి ఖాళీ ఉంచాలి. ఈ వయసు దూడల్లో ఎముక సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుకుతుంది; చీము పట్టింది కాబట్టి ఇంకొంత ఆలస్యం కావచ్చు. దూడ పెరుగుతుంది కనుక మధ్యలో ఒకసారైనా కట్టు మార్చాలి. నల్లేరు ముద్ద మీద మన వారికి ఉన్న నమ్మకాన్ని నేను తోసిపుచ్చను, కాని చర్మం చీలిన చోట పచ్చి ముద్ద ఏదీ పెట్టవద్దు. కాల్షియం సీసా ఎక్కించినంత మాత్రాన ఎముక వేగంగా అతకదు. రోజుకు నాలుగు లీటర్ల పాలు రెండు మూడు విడతలుగా తాగించి, ఉదయపు ఎండ తగలనివ్వండి.

మూలకణాల ఇంజెక్షన్ ఇప్పుడు అనవసరం. చీమున్న చోట పోసిన కణాలు బతకడం కష్టం, ఇరవై ఐదు రోజుల దూడ మూలుగలో వాటికి కొరతా లేదు.

దూడను కదిలించలేకపోతే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. ఎక్స్‌రే అవసరమని వైద్యుడు చెబితే గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లండి. ఇంతవరకు వాడిన మందుల ఖాళీ సీసాలను పారేయకుండా, ఏది ఏ రోజు ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి, రెండూ వైద్యుడి చేతిలో పెట్టండి.