తూకానికి వేసిన స్కోరు పుస్తకాలు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఎనిమిదేళ్లప్పటి నుంచి దానికి క్రికెట్ పిచ్చి. ఆడుతుందా అంటే అదీ లేదు, ఆడితే స్పోర్ట్స్ కోటా అయినా వచ్చేది. చూడటం, బంతి బంతికీ లాంగ్ నోటుబుక్కుల్లో స్కోరు రాసుకోవడం, ఓడితే ఏడవడం. గోడ మీద కోహ్లి ఫొటో ఒకటి, మిథాలీ రాజ్ ఫొటో ఒకటి. వయసొచ్చిన పిల్ల గదిలో మగాడి బొమ్మేమిటని మా అత్తగారు రోజూ సాధిస్తారు. మొన్న నవంబరు 2న మహిళల వరల్డ్ కప్ ఫైనల్ అర్ధరాత్రి దాకా చూసి, తెల్లారి లేవలేక స్లిప్ టెస్ట్ పోగొట్టుకుంది. కాలేజీ నుంచి మెసేజ్ రాగానే మావారు ఆగలేకపోయారు. దాని నోటుబుక్కులు పదకొండూ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశారు. మూడు వారాలైంది, తండ్రితో మాటల్లేవు. అన్నం దగ్గర కూడా ‘నాన్నకి పెరుగు కావాలేమో అడుగమ్మా’ అని నాతో అంటుంది. చిన్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని స్కోరు రాయడం నేర్పింది ఈయనే. ఈయనేం తక్కువ తినలేదు, లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు కాలేజీ ఎగ్గొట్టి రోజంతా టీవీల షాపు ముందు నిలబడ్డారట, ఆ ఏడాది డిగ్రీలో ఒక సబ్జెక్టు పోయింది. మా అమ్మాయికి ఈ పిచ్చి ఎప్పటికి తగ్గుతుంది? పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి నాలుగు ముక్కల్లో ఉంది. మీరేమో దాన్ని మాటవరసకి చెప్పినట్టు రాసేశారు.

2001 మార్చి 14. కోల్‌కతా టెస్టులో నాలుగో రోజు. ఫాలో ఆన్, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్, ఆడుతూ లక్ష్మణ్, ద్రవిడ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడనివ్వలేదు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. లక్ష్మణ్ పెరిగింది హైదరాబాదే అయినా తల్లిదండ్రులు బెజవాడలో డాక్టర్లు కాబట్టి, కృష్ణకి ఇటూ అటూ ఉన్న మనందరికీ ఆయన మావాడే. మీవారు బహుశా ఆ రోజే ఆ షాపు ముందు నిలబడి ఉంటారు. 24 ఏళ్లు దాటినా ఆ కథ ఇంకా చెబుతున్నారంటే ఆయనకే తగ్గలేదు. మరి పిల్లకి ఎప్పుడు తగ్గుతుందని నన్నడిగితే నేనేం చెప్పను?

నాకు యాభై దాటాయి. 1987 మార్చిలో పాకిస్తాన్ మీద బెంగళూరు టెస్టులో గవాస్కర్ 96 దగ్గర అవుటైపోయిన రోజు నాకిప్పటికీ గుర్తే. సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో, రేడియో దగ్గర. కామెంటరీ కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ, నాకు రెండూ సగం సగమే వచ్చు. 16 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రి అన్నం తినలేదు. మా అమ్మ తిట్టింది కానీ, కంచం మాత్రం మూత పెట్టి ఉంచింది. ఆ మూత పెట్టిన కంచం కూడా గవాస్కర్‌తో పాటే గుర్తుండిపోయింది.

మీ అమ్మాయి లెక్క చూద్దాం. ఎనిమిదేళ్లప్పటి నుంచి అంటే 2017. లార్డ్స్‌లో మన అమ్మాయిలు ఇంగ్లండ్ మీద 9 పరుగుల తేడాతో ఫైనల్ ఓడిపోయిన ఏడాది. తను ఈ ఆటతో ముడిపడిందే ఆ ఓటమి రోజుల్లో. ఎనిమిదేళ్లు ఆగితే మొన్న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి కప్పు చేతికొచ్చింది. ఆ రాత్రి పడుకోమంటే ఏ పిల్ల పడుకుంటుంది? స్లిప్ టెస్ట్ పోవడం తప్పే, కాదనను. వారం తిరిగేసరికి మరో స్లిప్ టెస్ట్ వస్తుంది. ఆ నోటుబుక్కులు మళ్లీ రావు.

వాటిలో ఏముంటుందో మీరెప్పుడైనా తిరగేశారా? ఒక్కో ఓవర్‌కి ఒక గడి. పరుగు రాని బంతికి చుక్క. ఆరూ చుక్కలే అయితే మెయిడెన్. వైడ్‌కీ నోబాల్‌కీ వేరే గుర్తులు. ఆఖర్న బ్యాటర్ల లెక్కా బౌలర్ల లెక్కా సరిపోవాలి. ఒక వన్డేలో రెండు జట్లూ పూర్తిగా ఆడితే 600 బంతులు, ఒక్క బంతి వదిలినా ఎక్కడో తేడా కొడుతుంది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసుకునే మీవారికి ఇది నేను చెప్పాలా? తను నేర్పిన లెక్కనే తను తూకానికి వేశారు. పిల్ల మాట్లాడనిది మార్కుల గురించి తిట్టినందుకు కాదు, ఇందుకు.

కాబట్టి మొదటి పని మీవారిది. క్షమాపణ చెప్పాలి. కూతురికి తండ్రి సారీ చెప్పడమేమిటని మీ అత్తగారు అనొచ్చు, అననివ్వండి. ఎలా చెప్పాలో కూడా చెబుతాను: ‘నీ పుస్తకాలు వేసేయడం నాదే తప్పురా’ అని ఊరుకోవాలి. ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెడితే ఆ సారీ చెల్లదు. మధ్యలో మీరు రాయబారం నడపడం ఈ రోజు నుంచే మానేయండి. పెరుగు కావాలో వద్దో తనే అడగనివ్వండి.

చదువు సంగతి తర్వాత, ఓ నాలుగు రోజులాగి. ముగ్గురూ కూర్చుని, పరీక్షలయ్యేదాకా ఏ మ్యాచ్‌లు పూర్తిగా చూస్తుందో పాపనే ఎంచుకోమనండి. మిగిలినవి హైలైట్స్. మర్నాడు టెస్ట్ ఉంటే పదింటికి టీవీ కట్. తను పెట్టుకున్న రూలైతే నిలబెట్టుకుంటుంది, నిలబెట్టుకోని రోజు అడిగే హక్కు మీకుంటుంది. ఇంకోటి, మార్కులు తగ్గితే దానికి కారణం క్రికెట్టేనని ముందే ఖాయం చేసుకోకండి. పొద్దున్న వెళ్లి సాయంత్రం దాకా కాలేజీలో కూర్చునే పిల్లకి ఫిజిక్సో కెమిస్ట్రీయో అర్థం కాకపోవడానికి వేరే కారణాలుంటాయి. ఎంపీసీ ఎవరి ఇష్టమో మీరు రాయలేదు. అడిగి చూడండి.

ఏడుపు గురించి కంగారు వద్దు. ఈ వరల్డ్ కప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 127 కొట్టి నాటౌట్‌గా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ మ్యాచ్ అయ్యాక అందరి ముందూ ఏడ్చింది, ఆ టోర్నీలో తను ఆందోళనతో బాధపడ్డానని మైకు ముందే చెప్పింది. మ్యాచ్ ఓడిన రాత్రి ఏడ్చి, మర్నాడు మామూలుగా టిఫిన్ తిని కాలేజీకి వెళితే అది ఆరోగ్యమే. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, స్నేహితురాళ్లని వదిలేసినా, ఫోన్లో ముక్కూమొహం తెలియని అభిమానులతో రహస్యంగా మాట్లాడుతున్నా, డబ్బులు పెట్టే ఆటల జోలికెళ్లినా అప్పుడు దగ్గర్లోని కౌన్సెలర్‌కి చూపించండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనపడలేదు.

‘ఆడితే స్పోర్ట్స్ కోటా అయినా వచ్చేది’ అన్నారు. చదివి నవ్వుకున్నాను. మన దగ్గర ఏ ఇష్టమైనా సీటుగానో ఉద్యోగంగానో మారితేనే లెక్కలోకొస్తుంది. కడప జిల్లా శ్రీచరణి ఈ వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసింది. ఆటో డ్రైవర్ కూతురు, మన కృష్ణా జిల్లా రావి కల్పన ఇండియాకి వికెట్ కీపింగ్ చేసింది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ మ్యాచ్ రెఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ. స్కోరర్లూ వీడియో అనలిస్టులూ కూడా ఈ ఆటతోనే బతుకుతున్నారు. ఇవన్నీ మీకు తెలియాలని రాశాను, పిల్ల ముందు వల్లించడానికి కాదు. అలా వల్లిస్తే, మొన్నటిదాకా తనకి సంతోషమైనది రేపటి నుంచి ఇంకో ఎంపీసీ అయిపోతుంది.

ఇక మీ అత్తగారు. ఆవిడకి మిథాలీ కనపడదు, కోహ్లి ఒక్కడే కనపడతాడు! ఓ సాయంత్రం పక్కన కూర్చుని, ఆవిడ పదహారేళ్లప్పుడు గోడ మీద ఎవరి కేలండర్ ఉండేదో అడగండి. కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ అంటే దేవుడి పటం అని దబాయిస్తారు. దబాయించనివ్వండి, మనవరాలు మాత్రం పక్కనే ఉండాలి.

చివరగా ఒక్క మాట అడుగుతాను. ఆ పాత పేపర్లవాడు కొన్నవి ఎక్కడ వేస్తాడో కనుక్కున్నారా? నోటుబుక్కులు వాళ్లు విడిగా కట్టలు కడతారు, లారీ లోడు నిండేదాకా గోడౌన్‌లోనే పడి ఉండొచ్చు. మూడు వారాలే కదా అయింది. ఈ ఆదివారం యార్డుకి సెలవైతే మీవారిని వెళ్లి వెతకమనండి. దొరక్కపోతే ఉత్త చేతులతోనే రమ్మనండి. చొక్కాకి దుమ్ము ఎందుకైందో పాపకి ఆయనే చెప్పుకోవాలి, మీరు చెప్పకండి.