మీ ప్రశ్నలు, మా జవాబులు: మష్రూమ్ ఫ్రై కరకరలాడాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్రిస్పీ మష్రూమ్స్ గురించి, వాటితో పెట్టుకునే క్రీమీ డిప్ గురించే ఉన్నాయి. అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మేడమ్, బటన్ మష్రూమ్స్‌కి పిండి పట్టించి వేయిస్తుంటే నూనెలోంచి తీసినప్పుడు భలే ఉంటున్నాయి, ప్లేట్లో పెట్టాక ఐదు నిమిషాలు కూడా కాకుండా మెత్తబడిపోతున్నాయి. పైగా కొరకగానే పై పొర మొత్తం ఊడి చేతికొచ్చేస్తోంది. పిండి మార్చి చూశాను, లాభం లేదు.

జవాబు: పిండి మారిస్తే లాభం ఉండదండీ, ఎందుకంటే ఇబ్బంది పెడుతోంది పిండి కాదు, నీళ్లు. మష్రూమ్ బరువులో దాదాపు 90 శాతం నీళ్లే. వేడి తగలగానే అవి ఆవిరై బయటికి తోసుకొస్తాయి, ముందు పిండి పొరని మష్రూమ్ నుంచి విడదీస్తాయి, తర్వాత ఆ పొరనే లోపల్నుంచి తడిపేస్తాయి. మీకు కనపడుతున్న రెండు లక్షణాలూ అందుకే కలిసి వస్తున్నాయి. కాబట్టి ఆ నీళ్లని ముందే తగ్గించాలి, మిగిలినవి వేగేటప్పుడు బయటికి పోనివ్వాలి, వేగాక ఆవిరి మళ్లీ పొరకి పట్టకుండా చూసుకోవాలి. నేను చెప్పే ప్రతి చిట్కా ఈ మూడిట్లో ఏదో ఒకదానికోసమే.

కడగడం దగ్గర మొదలుపెడదాం. మష్రూమ్స్‌ని అస్సలు కడగొద్దని చాలామంది చెప్తుంటారు, అంత భయం అక్కర్లేదు. పంపు కింద గబగబా కడిగితే లోపలికి పోయే నీళ్లు చాలా తక్కువ, గిన్నెలో నానబెట్టడం మాత్రం వద్దు. అసలు చూసుకోవాల్సింది పైన అంటుకుని ఉండే తడి. గొడుగు కింది మడతల్లో నీళ్లు నిలబడిపోతాయి, అందుకని ఆ మడతలు కిందికి వచ్చేలా పొడిబట్ట మీద పెట్టి ఆరనివ్వండి, తర్వాత ఒక్కోటీ తుడవండి. ఓపికగా చేయాల్సిన పనే కానీ దీన్ని మాత్రం వదిలెయ్యొద్దు.

ఇంకా గట్టి ఉపాయం కావాలంటే, నూనె లేకుండా వెడల్పాటి పెనం మీద నాలుగైదు నిమిషాలు పెద్ద మంట మీద తిప్పండి, నీళ్లు వదుల్తాయి, అవి పూర్తిగా ఇగిరిపోయాక దించి బాగా చల్లారనిచ్చి అప్పుడు పిండి పట్టించండి. రెండుసార్లు వేడి చేస్తే ముద్దయిపోతాయేమో అనుకుంటారు, అవ్వవు. మష్రూమ్ కణాల గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, అది వంట వేడికి విచ్చిపోదు, అందుకే కూరగాయల్లాగా ఉడికి చెదిరిపోకుండా పట్టుగానే ఉంటాయి. సైజు కొంచెం తగ్గుతుంది, రుచి మాత్రం పెరుగుతుంది. నాకైతే ఈ పద్ధతే ఇష్టం.

ఉప్పు పచ్చి మష్రూమ్స్ మీద చల్లొద్దు, చల్లిన కాసేపటికే నీళ్లు లాగేస్తుంది. ఉప్పు, మిరియాల పొడి, కారం ఏదైనా సరే పిండిలోనే కలపండి.

పొర ఊడకుండా ఉండాలంటే వరస ముఖ్యం. ముందు పొడి మైదాలో దొర్లించి ఎక్కువైంది దులిపెయ్యాలి, తర్వాత గిలక్కొట్టిన గుడ్డులో ముంచాలి, చివర్లో బ్రెడ్ క్రంబ్స్ అద్దాలి. ఆ పొడి పిండి మిగిలిన తడిని పీల్చుకుని గుడ్డుకి పట్టు ఇస్తుంది, అది లేకుండా నేరుగా గుడ్డులో ముంచితే జారిపోతుంది. అద్దినవన్నీ ఒక ట్రేలో విడివిడిగా పెట్టి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే పొర గట్టిగా పట్టుకుంటుంది.

ఇక నూనె. 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, థర్మామీటర్ ఉంటే సరే, లేకపోతే చిన్న బ్రెడ్ ముక్క వేస్తే వెంటనే బుడగలొచ్చి నిమిషంలోపు బంగారు రంగు రావాలి. నూనె చల్లగా ఉంటే పొర గట్టిపడేలోపే నూనె పీల్చేస్తుంది, మరీ పొగలు కక్కితే పైన మాడిపోయి లోపల తడి అలాగే ఉండిపోతుంది. ఒక్కసారే గిన్నె నిండా వేస్తే నూనె వేడి పడిపోతుంది, కాబట్టి నూనె పైభాగం సగం ఖాళీగా కనపడేలా కొంచెం కొంచెంగా వేసుకోండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. వేసినప్పుడు పైకొచ్చే బుడగలన్నీ ఆవిరే, అవి బాగా తగ్గాయంటే పొరలో తడి తగ్గిందని అర్థం, రంగుతో పాటు బుడగల్ని కూడా చూస్తే తీయాల్సిన టైం తెలిసిపోతుంది.

తీశాక టిష్యూ మీద కుప్పగా పొయ్యొద్దు, పైన మూత అసలే పెట్టొద్దు. కింది నుంచి వచ్చే ఆవిరి పోయే దారిలేక పొరకే పట్టేస్తుంది. కేకులు చల్లార్చే జాలీ మీద, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

ప్రశ్న: నూనెలో వెయ్యగానే టపటపమని పేలి చేతి మీద పడుతోంది, భయమేసి దూరం నుంచి విసిరేస్తున్నాను. ఏం చెయ్యాలి?

జవాబు: విసరకండి, దానివల్లే ఇంకా ఎక్కువ చిమ్ముతుంది. జాలీ గరిటెలో పెట్టి నూనె అంచున నెమ్మదిగా దించండి. పేలడానికి కారణం మళ్లీ తడే, పైన చెప్పినట్టు తుడిస్తే చాలావరకు తగ్గిపోతుంది. గిన్నెలో నూనె సగం దాటి పొయ్యొద్దు. ఒకవేళ నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూతతో కప్పెయ్యండి, గిన్నెని కదిలించొద్దు, నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పొయ్యొద్దు, మంట ఎగిసిపడుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు వాడం. గుడ్డు లేకుండా అంత క్రిస్పీగా వస్తుందా?

జవాబు: చక్కగా వస్తుంది. పావు కిలో మష్రూమ్స్‌కి నాలుగు టేబుల్ స్పూన్ల మైదా, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ తీసుకుని బాగా చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి, స్పూన్ వెనక పల్చగా పట్టుకుని ఉంటే చాలు. నీళ్ల బదులు చల్లటి సోడా పోస్తే ఆ గ్యాస్ వల్ల పొర ఇంకా తేలిగ్గా వస్తుంది. ఎక్కువసేపు గిలక్కొట్టొద్దు, మైదాలో గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి పొర రబ్బరులా అవుతుంది, అక్కడక్కడా ఉండలున్నా పర్లేదు. కార్న్‌ఫ్లోర్‌లో గానీ బియ్యప్పిండిలో గానీ గ్లూటెన్ ఉండదు కాబట్టి అవి కలిసినప్పుడు కరకర పెరుగుతుంది. ఇందులో ముంచి పైన క్రంబ్స్ అద్దండి. పాంకో రకం క్రంబ్స్ దొరికితే అవే మేలు, రేకుల్లా పెద్దగా ఉంటాయి, మధ్యలో ఖాళీలుండి ఆవిరి సులువుగా బయటికి పోతుంది.

ప్రశ్న: పెరుగుతో గార్లిక్ డిప్ చేస్తే అరగంటలో నీళ్లు తేలిపోతోంది, వెల్లుల్లి ఘాటు కూడా గొంతులో పట్టేస్తోంది. మయోనీస్ ఒక్కటే వాడితే మరీ జిడ్డుగా ఉంటోంది. మధ్యస్థంగా ఏదైనా చెప్పండి.

జవాబు: రెండూ కలపడమే మధ్యస్థం. ఒక కప్పు గట్టి పెరుగుని పల్చటి బట్టలో కట్టి, కింద గిన్నె పెట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి, నీళ్లు దిగిపోయి క్రీమ్‌లాగా మిగులుతుంది. అందులో రెండు టేబుల్ స్పూన్ల మయోనీస్ గానీ క్రీమ్ చీజ్ గానీ కలిపితే నున్నగా వస్తుంది, వేయించిన వాటికి ఆ పులుపు భలే కుదురుతుంది. ఉప్పు పెరుగులోంచి నీళ్లు లాగుతుంది, కాబట్టి తినే ముందే వేసుకోండి. కొత్తిమీర, పార్స్‌లీ లాంటి ఆకులు వేస్తే కడిగాక పూర్తిగా ఆరనిచ్చి తరగండి.

వెల్లుల్లి సంగతికొస్తే, రెబ్బని నలిపినప్పుడు లోపలున్న ఒక ఎంజైమ్ పనిచేసి అల్లిసిన్ తయారవుతుంది, ఘాటు దాందే. పులుపు ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. అందుకని ఒక రెబ్బని ఒక టీస్పూన్ నిమ్మరసంలోనే వేసి నలపండి, పది నిమిషాలాగి డిప్‌లో కలపండి, వాసన ఉంటుంది, గొంతు మండదు. ఇంకా మెత్తటి రుచి కావాలంటే పొట్టుతోనే కాల్చి నలిపి వేసుకోవచ్చు, తియ్యదనం వస్తుంది.

మయోనీస్ ఇంట్లో పచ్చి గుడ్డుతో చేసేవాళ్లు మాత్రం చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు తినేటట్టయితే పాశ్చరైజ్ చేసిన (క్రిములు చచ్చేలా తగుమాత్రం వేడిచేసిన) గుడ్లే వాడండి. ఈ డిప్ ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్‌లో చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు, కానీ జారుగా ఉన్న పిండి ఒక్కటే పట్టించి పెడితే అంతా కిందికి కారిపోతుంది, పైన క్రంబ్స్ అద్ది తీరాలి. క్రంబ్స్‌ని ముందే ఒక స్పూన్ నూనెతో పెనం మీద దోరగా వేయించి వాడితే రంగు సమానంగా వస్తుంది. 190 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. నూనెలో వేగినంత కరకర రాదు, అది ముందే తెలిసి మొదలుపెడితే బాగానే నచ్చుతుంది.

ప్రశ్న: వాన పడ్డాక మా పెరట్లో తెల్ల పుట్టగొడుగులు మొలిచాయి. నూనెలో బాగా వేయిస్తే విషం ఏమైనా ఉన్నా పోతుంది కదా?

జవాబు: పోదండీ. వాటిని తినొద్దు. ప్రాణాలు తీసే పుట్టగొడుగుల్లో కొన్నిటి విషం వేయించినా, ఉడికించినా, ఎండబెట్టినా అలాగే ఉంటుంది, అమానిటా ఫల్లాయిడిస్ అనే రకం అలాంటిదే, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్న చాలా గంటల దాకా ఏ లక్షణమూ కనపడకపోవచ్చు కూడా. రంగు చూసి, వాసన చూసి చెప్పే గుర్తుల్ని నమ్మకండి. ఒకవేళ ఎవరైనా తినేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన ముక్క ఉంటే అది కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: ఇరవై మంది వస్తున్నారు, అందరికీ వేడివేడిగా ఎలా పెట్టాలి?

జవాబు: రెండుసార్లు వేయించే పద్ధతి మీకోసమే. వాళ్లు రావడానికి గంట ముందు 160 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు, రంగు పెద్దగా రాకుండా వేయించి జాలీ మీద పెట్టేయండి. ఆ గంటలో లోపలి తడి కొంచెం పొరకి చేరుతుంది, వడ్డించే ముందు నూనెని 190 దాకా వేడిచేసి ఒక్క నిమిషం మళ్లీ వేస్తే అది ఆవిరైపోయి, ఒకసారి వేయించినదానికంటే కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు గంటలకంటే ఆలస్యమయ్యేలా ఉంటే బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. మైక్రోవేవ్‌లో మాత్రం వేడి చెయ్యొద్దు, 200 డిగ్రీల ఓవెన్‌లో జాలీ మీద ఐదారు నిమిషాలు పెడితే సరిపోతుంది. డిప్‌ని పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టేసుకోండి, ఉప్పు ఒక్కటీ చివర్లో.