ఉండవల్లి త్రీడీ మోడల్‌లో కన్నాలు: సమాధానం

ఉండవల్లి గుహల్లో అనంతశయన విష్ణువును ఫోన్‌తో 200 ఫొటోలు తీసినా, వాటిని కలిపి చేసిన త్రీడీ మోడల్‌లో పాదాల దగ్గర కన్నాలు పడుతున్నాయన్నారు కదండీ. తప్పు ఫోన్‌ది కాదు. ఒకేచోట నిలబడి ఫోన్ తిప్పుతూ తీస్తే సాఫ్ట్‌వేర్‌కి లోతు అందదు. ఫొటో ఫొటోకీ అర అడుగు పక్కకు జరగండి. మొదటి ఫొటోలో కనిపించినదాంట్లో ముప్పావు వంతు రెండోదాంట్లోనూ ఉండాలి.

ఫ్లాష్ అసలు వద్దు. మీరు కదిలినప్పుడల్లా నీడలూ కదులుతాయి, మోడల్ చెడేది అక్కడే. ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) మారకుండా లాక్ చేసి స్టాండ్ మీద తీయండి (స్టాండ్‌కి పురావస్తు శాఖ అనుమతి ముందే అడగండి). కొన్ని ఫొటోల్లో స్కేలు పెట్టండి, లేకపోతే కొలతలు రావు. ఫొటోల్ని త్రీడీ మోడల్‌గా మార్చే మెషరూమ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఈ పనికి చాలు.

ఇక మీరు చేర్చాలనుకున్న కొండపల్లి బొమ్మల సంగతి. బొమ్మను స్కాన్ చేసి ఊరుకోకండి, అది సగం పనే. తెల్లపొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు అనే ముద్దతో అతికించే కళాకారుల వేళ్లను దగ్గరగా వీడియో తీయండి. వీడియో వెనక వినిపించే మాట కూడా ఆ కళాకారులదే ఉండాలి. ఏది చూపాలో, ఏది వద్దో వాళ్లనే అడగండి.

ముందు పాదాల వరకే ఓ 60 ఫొటోలు తీసి, వచ్చిన మోడల్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.