ఫుల్ మ్యాచ్ అన్నారు, మరి తమ్ముడికి ఈ దద్దుర్లు ఎందుకు?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 29 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో మూలకణాల మార్పిడి చేశారు. దాతను నేనే. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. పరీక్షలో ఫుల్ మ్యాచ్ అన్నారు. నాలుగు నెలలు బాగానే ఉన్నాడు. రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ మందు డోసు తగ్గించిన రెండు వారాలకు అరచేతుల్లో, చెవుల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు. ఇక్కడ అలర్జీ అని మాత్రలిచ్చారు. వాడిది ఓ పాజిటివ్, నాది బి పాజిటివ్. గ్రూపు కలవలేదు, అందుకే అక్క రక్తం పడలేదని ఇంట్లో అంటున్నారు. నా వల్లే ఇలా అయిందా? మళ్లీ నా కణాలు ఇవ్వాల్సి వస్తుందా?

జవాబు: అమ్మా, మిగతాది తర్వాత చదువుదురు గాని, ముందు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. మార్పిడి అయిన మనిషికి దద్దుర్లు, విరేచనాలు కలిసి వస్తే నాలుగు రోజులు చూద్దాం అనుకోకూడదు. మీరు రాసిన లక్షణాలు జీవీహెచ్‌డీ అనే సమస్యలా ఉన్నాయి. అంటే మీ నుంచి వెళ్లిన రోగనిరోధక కణాలు మీ తమ్ముడి ఒంటిని పరాయిదిగా భావించి దాడి చేయడం. మొదట చర్మం, పేగులు, కాలేయం మీద పడుతుంది. అరచేతులు, అరికాళ్లు, చెవులు, మెడ దగ్గర ఎరుపు మొదలవడం దీని పద్ధతే. మందు తగ్గించాక బయటపడటమూ మామూలే.

అయినా చూడకుండా అదేనని తేల్చలేం. సీఎంవీ అనే వైరస్ పేగులకు సోకినా ఇలాగే విరేచనాలవుతాయి. జీవీహెచ్‌డీ అయితే రోగనిరోధక శక్తిని అణచే మందు పెంచాలి, వైరస్ అయితే వైరస్ మందు ఇవ్వాలి. పొరపాటున ఒకదానికి రెండోదాని వైద్యం చేస్తే పరిస్థితి చేయి దాటుతుంది. అందుకే రక్త పరీక్షలు చేస్తారు, అవసరమైతే పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఈలోగా ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టవద్దు, వాడుతున్నవి ఆపవద్దు.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్న. మీ వల్ల కాదు. ఫుల్ మ్యాచ్ అంటే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు, అంటే ఏది తనది, ఏది పరాయిది అని ఒంటికి గుర్తు చెప్పేవి, కలిశాయని మాత్రమే అర్థం. అవి 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. మీరు కలవడం మీ తమ్ముడి అదృష్టం. కానీ ఒంట్లో ఇంకా ఎన్నో ప్రొటీన్లు ఉంటాయి, వాటిలో అక్కాతమ్ముళ్ల మధ్య కూడా చిన్న చిన్న తేడాలుంటాయి. పైగా మగవాళ్లలో వై క్రోమోజోమ్ వల్ల తయారయ్యే ప్రొటీన్లు మీ కణాలకు కొత్త. కాన్పులైన అక్క నుంచి తమ్ముడికి ఇచ్చినప్పుడు జీవీహెచ్‌డీ కాస్త ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులకు తెలుసు. తెలిసే మిమ్మల్ని ఎంచుకున్నారు, ఎందుకంటే ఫుల్ మ్యాచ్ ఉన్న తోబుట్టువును వదులుకోవడం అంతకంటే పెద్ద నష్టం.

బ్లడ్ గ్రూపు సంగతి వేరు. దాన్ని నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కాబట్టి హెచ్‌ఎల్‌ఏ కలిసినా గ్రూపు కలవకపోవచ్చు, దానివల్ల మార్పిడి ఆగదు. కొందరిలో ఎర్ర రక్తకణాలు తయారవడం ఆలస్యమవుతుంది, అంతే. మీ తమ్ముడి గ్రూపు కూడా మెల్లగా బి పాజిటివ్‌గా మారుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ప్రాణం నిలబెట్టడానికి ముందుకొచ్చిన ఆడపిల్లను నిందించడం చూస్తే నాకు చాలా బాధగా ఉంది.

ఇంకో సంగతి తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. 1950ల చివర్లో అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ రోగులకు, అచ్చం వాళ్లలాగే ఉండే కవలల ఎముక మజ్జ ఎక్కించారు. రక్త మూలకణాలు ఉండేది ఈ మజ్జలోనే. మజ్జ నిలిచింది, కానీ కొన్ని నెలలకే లుకేమియా తిరగబెట్టింది. మూలకణాల మార్పిడిలో చేసిన కృషికి ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది. తర్వాతి కాలంలో తేలిందేమిటంటే, దాతకూ రోగికీ మధ్య కొద్దిపాటి తేడా ఉంటేనే దాత కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా వెతికి చంపుతాయి. మీ తమ్ముడి ఒంట్లో ఇప్పుడు గొడవ చేస్తున్న కణాలే అతనికి కాపలా కూడా. గొడవ మితిమీరకుండా అదుపులో పెట్టడమే వైద్యం.

ఫోన్‌లో డాక్టర్ అడిగేవి సిద్ధంగా పెట్టుకోండి. దద్దుర్లు ఎంత మేర ఉన్నాయో చూడండి: రోగి అరచేయి, వేళ్లతో సహా, అతని ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. వెలుతురులో ఫొటోలు తీసి పంపండి. విరేచనం ఎన్నిసార్లు అన్నదానికంటే ఎంత అన్నది ముఖ్యం. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కేటాయించి కొలవండి, రోజుకు అర లీటరు దాటితే గట్టిగా చెప్పండి. రక్తం పడినా, కళ్లు పచ్చబడినా, జ్వరం 100.4 దాటినా, మాత్ర కడుపులో నిలవకపోయినా ఆ రోజే చేర్పించాలి. హైదరాబాద్ దాకా ప్రయాణం తట్టుకోలేడనిపిస్తే ముందు కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో పెద్దాసుపత్రిలో చేర్చి, అక్కడి డాక్టర్‌ను మార్పిడి డాక్టర్‌తో మాట్లాడించండి. రక్తం ఎక్కించాల్సి వస్తే, అందులోని తెల్లకణాలు పనిచేయకుండా రేడియేషన్ చేసిన రక్తమే కావాలని మీరే గుర్తు చేయండి.

కామెర్లలా కనిపిస్తే మన వైపు మొదట పసరు మందు దగ్గరికి తీసుకెళ్తారు. దయచేసి వద్దు. దెబ్బతిన్న కాలేయానికి అది ఇంకా ప్రమాదం. పెరట్లో పంపరపనస ఉంటే అది కూడా పెట్టకండి. ఆ పండు సైక్లోస్పోరిన్‌ను రక్తంలో పెంచుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. సైక్లోస్పోరిన్ స్థాయి పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నూర్పిళ్ల దుమ్ములో, పాత గడ్డివాము దగ్గర ఫంగస్ ఉంటుంది, అటు పోనివ్వకండి. చేపల చెరువు పనులు ఇప్పుడు వద్దు. ఎండ చర్మాన్ని రేపుతుంది, పొడుగు చేతుల చొక్కా వేయండి.

మళ్లీ ఇవ్వాలా అన్నారు. ఈ సమస్యకు ఇవ్వక్కర్లేదు, ఇస్తే మంట ఎక్కువవుతుంది. ఎప్పుడైనా క్యాన్సర్ తిరగబెడితే మాత్రం మీ తెల్ల రక్తకణాలు అడగవచ్చు. మీరు ఇచ్చిన మూలకణాలు మీ ఒంట్లో ఎప్పుడో మళ్లీ తయారైపోయాయి, మీ ఆరోగ్యం గురించి టెన్షన్ పడకండి. ప్రస్తుతం అతని రక్తంలో మీ కణాలు ఎంత శాతం ఉన్నాయో చూసే కైమెరిజం పరీక్ష రిపోర్టు గురించి ఈసారి వెళ్లినప్పుడు అడగండి.